తండ్రి పేరు, వూరి పేరు

పటాన్‌చెరుకు ఎవరూ షికారు రారు. కోఠీలో 218 నంబరు బస్సెక్కి, కూకట్‌పల్లి, మియాపూరు, రామచంద్రాపురం దాటుకుని, ముప్పై కిలోమీటర్ల ప్రయాణం చేసి ఇక్కడ దిగేవాళ్ళంతా ఏదో పనిమీద దిగేవాళ్ళే. భుజాన ఒక సంచీ, చేతిలో ఒక చీటీ. ఆ చీటీమీద ఒక ఫ్యాక్టరీ పేరూ, ఒక మేస్త్రీ ఫోను నంబరూ. సాధారణంగా అంతే వాళ్ళ ఆస్తి.

అలా దిగేవాళ్ళను చూస్తూ నేను ముప్పైరెండేళ్ళు గడిపాను. ఇక్కడి ఒక కర్మాగారంలో టైమాఫీసు గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. గేటు ప్రక్కన చిన్న గది, గదికి ఒక కిటికీ, కిటికీ ముందు ఒక రిజిస్టరు. లోపలికి వెళ్ళే ప్రతి కూలివాడి పేరూ నా చేతిమీదుగా వెళ్ళవలసిందే. అదేదో గొప్ప అధికారమని నేను చాలాకాలం అనుకున్నాను.

పటాన్‌చెరు నిన్న మొన్న పుట్టిన వూరనుకునేరు! కల్యాణి చాళుక్యుల శాసనాలలో కనిపించే పొట్టలకెరె యీ వూరేనని చరిత్రకారులు గుర్తించారు. పదకొండో శతాబ్దంలో రాజులు విడిది చేసిన పట్టణమిది. జైనులకు పెద్ద స్థావరం. ఇక్కడి నేలలో దొరికిన జైన విగ్రహాలు హైదరాబాదు మ్యూజియంలో వున్నవి. పొట్టలకెరె పొట్లచెరువయింది, పొట్లచెరువు పటాన్‌చెరయింది. జనం నోటబడి వూళ్ళ పేర్లు ఎలా అరిగిపోతాయో చూడండి. యీ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందుముందు మనకు పనికివస్తుంది.

క్రిందటేడు మాఘమాసంలో మా మేనకోడలు ఫోను చేసింది. అది ఇక్రిశాట్‌లో ఉద్యోగం చేస్తున్నది.

“మామయ్యా, యీ ఆదివారం నీకేం పని?”

“రిటైరయినవాడికి ఆదివారమేమిటి, సోమవారమేమిటి?”

“అయితే ఇక్కడికి రా. డర్బన్ నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళమ్మాయి ఇక్కడ శిక్షణకు వస్తే తోడు వచ్చింది. వాళ్ళ ముత్తాత తెలుగువాడట. ఏదో కాగితం పట్టుకుని తిరుగుతున్నది. నువ్వు శ్రీకాకుళం వాళ్ళతో చాలాకాలం మెలిగావు గదా, ఆ కాగితం ఒక్కసారి చూద్దువుగాని.”

ఎవరో వచ్చి నా విద్య అవసరమయిందంటే కాదంటానా? చలువ చేసిన చొక్కా వేసుకుని బయల్దేరాను.

ఇక్రిశాట్ 1972లో వెలిసింది. మెట్టప్రాంతాల పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ అది. ఆవరణ మూడున్నర వేల ఎకరాలు. రోడ్డుమీద లారీల రొదా, ఫ్యాక్టరీల వాసనా వదిలి ఆ గేటు లోపల అడుగుపెడితే వేరే దేశానికి వచ్చినట్టుంటుంది. ఒక ప్రక్క ఎర్రనేల, ఒక ప్రక్క నల్లరేగడి. జొన్నచేలు, కందిచేలు, నీళ్ళొడ్డున కొంగలు. ఇదంతా ఒకప్పుడు వూళ్ళున్న చోటే. మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు గ్రామాలు యీ హద్దుల్లోనే వుండేవి.

మా మేనకోడలు ముందుగా మమ్మల్ని విత్తనాల కొట్టుకు తీసుకుపోయింది. కొట్టంటే మన పాతర గాదులాంటిది కాదు. చల్లని గదులు, గదుల నిండా అరలు, అరల్లో డబ్బాలు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు కలిసి లక్షా ఇరవైవేల రకాలకు పైగా విత్తనాలు అక్కడ దాచి వుంచారు. ప్రతి రకానికీ ఒక సంఖ్య. ఆ సంఖ్యతో వెదికితే ఆ విత్తనం ఏ దేశంలో, ఏ జిల్లాలో, ఏ వూరి దగ్గర, ఏ సంవత్సరంలో సేకరించినదో చెబుతారు. దీనిని విత్తనం పాస్‌పోర్టు అంటారట.

డర్బన్ ఆవిడ ఆ డబ్బాల వంక చాలాసేపు చూసింది. అరవై దాటిన మనిషి, రిటైరయిన పంతులమ్మ. చామనచాయ, తలలో ముగ్గుబుట్టలాంటి జుట్టు. చీర కట్టి బొట్టు పెట్టుకుంటే మా వీధిలో పిన్నిగారే అనుకుంటారు. కాని నోరు విప్పితే ఇంగ్లీషు తప్ప మరో మాట లేదు. చివరికి నవ్వి అన్నది:

“మా ముత్తాత మనిషిగా కాక జొన్నగింజగా పుట్టివుంటే నాకింత శ్రమ వుండేది కాదు.”

మా మేనకోడలు ఆ మాట తెలుగులో చెబుతుంటే నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

అతిథిగృహం ముందు చెట్టు క్రింద కూర్చుని ఆవిడ సంచీలోంచి కాగితం తీసింది. పాత దస్తావేజుకు నకలు. ఓడలో ఎక్కిన కూలీల జాబితాలో ఒక వరుస. గళ్ళు గీసి వున్నాయి: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడా మగా, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది గుర్తులు.

నేను ఉలిక్కిపడ్డాను. ఇది నా గేటు రిజిస్టరే! ఎత్తు కొలవడమొక్కటే నేను చేయలేదు.

ఆ కాగితం వెనుక కథ పాఠకులలో చాలామందికి తెలిసేవుంటుంది. దక్షిణాఫ్రికాలోని నేటాలులో చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చి, అయిదేళ్ళ ఒప్పందం మీద మన దేశంనుంచి మనుషులను ఓడల కెక్కించారు. మొదటి ఓడ పేరు ట్రూరో. మద్రాసులో బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911లో యీ వలస ఆగిపోయేదాకా 1,52,184 మంది వెళ్ళారు. మద్రాసునుంచి వెళ్ళినవాళ్ళలో అరవవాళ్ళతోపాటు గంజాం, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు అనేకులు. వాళ్ళ మనవలూ మునిమనవలూ 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని, ఆ గడ్డమీద తెలుగు పేరు నిలుపుకున్నారు.

ఆవిడ ముత్తాత 1889లో ఓడ ఎక్కాడు. ఆయన పేరు ఇక్కడ వ్రాయను, అది ఆవిడ సొత్తు. వయస్సు 22. ఎడమ కాలి పిక్కమీద మచ్చ. జిల్లా గంజాం. తాలూకా ‘చికాకోల్’. గ్రామం ‘కొటూర్’.

“చికాకోల్ అంటే మీకు తెలుసా?” అని అడిగింది.

“తెలియకేం? శ్రీకాకుళం! ఇంగ్లీషు దొరల నోటబడి అలా అయింది.”

“అది నాకూ దొరికింది. కాని గంజాం జిల్లా పటంలో వెదికితే శ్రీకాకుళం లేదు. రెండేళ్ళు అక్కడే ఆగిపోయాను.”

ఆగిపోదూ మరి! ఇప్పుడు గంజాం ఒడిశాలో వున్నది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లాను చీల్చి, శ్రీకాకుళం ప్రాంతాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950లో శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. 1979లో అందులోంచి కొంత విజయనగరం జిల్లాకు పోయింది. 2022లో మళ్ళీ హద్దులు కదిపారు. అంత దూరమెందుకు, నేను పుట్టిందీ, ఉద్యోగం చేసిందీ మెదకు జిల్లా. 2016 తర్వాత ఉన్నచోట కదలకుండానే సంగారెడ్డి జిల్లావాణ్ణయ్యాను. మనిషి కదలకపోయినా జిల్లా కదులుతుంది. అంచేత పూర్వీకుల వూరు వెదికేవాళ్ళు ఇవాళ్టి పటం కాక, కాగితం వ్రాసిన నాటి పటం ముందు పెట్టుకోవాలి.

“మరి ఇంటిపేరేమిటి?” అని అడిగాను నేను.

ఆవిడ కాగితాన్ని నావైపు త్రిప్పి, “ఆ గడి ఏదీ?” అన్నది.

నిజమే. కులానికి గడి వున్నది, ఒంటిమీది మచ్చకు గడి వున్నది, ఇంటిపేరుకు గడి లేదు! మన తెలుగువాడికి ఇంటిపేరు లేకపోతే ఏ వూళ్ళో ఏ గడప తొక్కుతాడు? అక్కడ నేటాలులో తండ్రి పేరునే ఇంటిపేరుగా వ్రాసుకోగా వ్రాసుకోగా, అసలు ఇంటిపేరు రెండు తరాలలో మాసిపోయింది. ఎవరూ దాన్ని కావాలని చెరపలేదు. అడగలేదు, అంతే.

ఆవిడ పనిచేసిన బడిలోనే ఐర్లండు సంతతి పంతులమ్మ ఒకామె వుండేదట. యీ వెదుకులాట పిచ్చి ఆమె అంటించిందే. ఐర్లండులో 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంపకు తెగులు వచ్చి ఘోరమైన కరువు పడ్డది. సుమారు పదిలక్షలమంది చనిపోయారు, మరో పదిలక్షలమంది ఓడలెక్కి దేశాలు పట్టారు. వాళ్ళ మునిమనవలు అమెరికానుంచీ, ఆస్ట్రేలియానుంచీ తాతల వూళ్ళు వెదుక్కుంటూ వస్తూంటారు. వాళ్ళ కష్టమూ మన కష్టంలాంటిదే. ఇంటిపేర్ల ముందుండే ‘ఓ’, ‘మాక్’ అనే ముక్కలు చాలామందికి దారిలో రాలిపోయాయి. చర్చి పుస్తకాల్లో పేర్లు లాటినులో వున్నాయి. అన్నిటికీ మించి, 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ నగరంలోని దస్తావేజుల భాండారం తగలబడింది. 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు చాలావరకు ఆ మంటల్లోనే పోయినవి.

“అయితే వాళ్ళెలా వెదుకుతున్నారు?”

“పన్ను పుస్తకాల్లో” అన్నది ఆవిడ. 1847 నుంచి 1864 దాకా ఐర్లండంతటా భూమికీ ఇళ్ళకూ వెలకట్టి, పన్ను కోసం జాబితాలు వేశారు. ఆ పనిచేయించిన గ్రిఫిత్ అనే ఆయన పేరుతోనే అవి ప్రసిద్ధి. ఏ చెక్క ఎవరి స్వాధీనంలో వున్నదో అందులో వుంటుంది. ప్రజలను మరచిపోయిన సర్కారు కూడా శిస్తును మరచిపోదు గదా! కాలిపోయిన కాగితాలకు ఇతర చోట్లనున్న నకళ్ళన్నీ ప్రోగుచేసి, 2022లో, సరిగ్గా నూరేళ్ళకు, ఆ భాండారాన్ని కంప్యూటరులో మళ్ళీ నిలబెట్టే ప్రయత్నం మొదలుపెట్టారట.

ఆవిడ చెప్పిన మరో కథ నాకు బాగా పట్టింది. 1892 జనవరి 1న న్యూయార్కులో ఎల్లిస్ ద్వీపం వలసకేంద్రం తెరిచారు. మొట్టమొదట పేరు వ్రాయించుకున్నది ఐర్లండులోని కార్క్ ప్రాంతంనుంచి వచ్చిన ఆనీ మూర్ అనే అమ్మాయి. తర్వాత టెక్సాసులో బ్రతికి చనిపోయిన ఒక ఆనీ మూరే ఆ పిల్ల అని చాలా ఏళ్ళు అందరూ నమ్మారు. 2006లో పాత కాగితాలు శ్రద్ధగా చూస్తే, అసలు అమ్మాయి న్యూయార్కు దాటి ఎక్కడికీ పోలేదనీ, అక్కడే పేదరాలుగా బ్రతికి, పేరులేని సమాధిలో వున్నదనీ తేలింది. పేరు కలిసింది గదా అని మనిషి కలవదు!

ఇంత చెప్పి, ఆవిడ మామూలుగా అడిగింది: “మీ ముత్తాతగారి పేరేమిటి?”

నా నోట మాట రాలేదు. తాత పేరు తెలుసు. తాత తండ్రి పేరు? మంజీర ఒడ్డున మా వూరు ఇక్కడికి రెండు గంటల దారి. ఆ వూళ్ళోనే ఏడు తరాలుగా వున్నామని గొప్పలు చెప్పుకుంటాం. ఏడు సముద్రాలవతల పుట్టినావిడ దగ్గర ముత్తాత తండ్రి పేరుకూడా సిరాతో వ్రాసి వున్నది. ఇక్కడే పుట్టి ఇక్కడే ముసలివాణ్ణయిన నాకు ముత్తాత పేరు తెలియదు.

చిన్నప్పుడు మా వూరికి పిచ్చకుంట్లవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళను వంశరాజులంటున్నారు. అరుగుమీద కూర్చుని కాపుల గోత్రాలూ, వంశాలూ వరసగా పాడేవాళ్ళు. మా నాయన చేటెడు ధాన్యం పోసేవాడు. నేను ఆటల్లోపడి ఒక్కసారీ చెవిపెట్టి వినలేదు. మన దేశంలో వంశం వ్రాయనివాళ్ళు కారు. వంశాన్ని వినిపించే కులాలే వున్నవి. గొల్లలకు మందెచ్చులు, మాదిగలకు డక్కలివాళ్ళు. కాశీ, గయ వెళ్ళినవాళ్ళ పేర్లు అక్కడి పండాలు వ్రాసుకుంటారు. మన తెలంగాణాలో భూమి వున్నవాళ్ళకయితే నిజాం కాలపు సేత్వారు వున్నది, 1954–55లో వ్రాసిన ఖాస్రా పహాణీ వున్నది. అంతకు పాత ఫారసీ, ఉర్దూ కాగితాలు తార్నాకలోని దస్తావేజుల భాండారంలో వున్నవి. ఇవన్నీ వుండి, అడిగే మనవడు లేకపోతే ఎవరేం చేస్తారు?

నా సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి, “పదండి, కొటూరు సంగతి తేలుద్దాం. ఇస్నాపూరులో శ్రీకాకుళం మేస్త్రీ ఒకడున్నాడు” అన్నాను.

ఇస్నాపూరు పటాన్‌చెరుకు ఆనుకునే వున్నది. అక్కడ పాశమైలారం పారిశ్రామికవాడ కూలీలు కాపురముండే గదులు వరసగా వుంటాయి. రేకు కప్పు, ఒక తలుపు, ముందు ఒక నీళ్ళ డ్రమ్ము. గదికి అయిదుగురో ఆరుగురో. ఆదివారం కనుక కొందరు బట్టలుతుక్కుంటున్నారు, కొందరు ఫోనులో పెళ్ళాలతో మాట్లాడుకుంటున్నారు. ఒరియా, భోజ్‌పురీ, బెంగాలీ, శ్రీకాకుళం తెలుగు, అన్నీ ఒకే కుళాయి దగ్గర వినిపిస్తాయి. సన్నగా మందుల కంపెనీల వాసన.

మేస్త్రీ మమ్మల్ని చూసి గబగబా ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు. కథంతా విని, తల అడ్డంగా తిప్పాడు.

“కొత్తూరంటే ఏ కొత్తూరు బాబూ? మా కాడ కొత్తూర్లు శానా ఉన్నాయి. పాతూరు కొట్టుకుపోతే కొత్తూరు కట్టుకుంటారు. అమ్మగోరి ఇంటిపేరేటి?”

“అది తెలియదయ్యా.”

“ఏ అమ్మోరిని కొలుస్తారో?”

అదీ తెలియదు. మేస్త్రీ పాపం జాలిగా చూశాడు. అప్పుడు ఆవిడ, ఏదో గుర్తుకు వచ్చినట్టు, మా మేనకోడలి చేయి పట్టుకుని ఒక్క మాట అన్నది. వాళ్ళ నానమ్మ పొద్దున్నే కాచి గిన్నెలో పోసేదట, దాని పేరట. ఆఫ్రికా యాసలో అది మొదట మాకెవరికీ అందలేదు. రెండోసారి అనగానే మేస్త్రీ గభాలున లేచి నిలబడ్డాడు.

“సోడంబలి! సోడంబలి అంతన్నాది బాబూ! సోళ్ళంటే మాకాడ మాటే!”

నిజమే. రాయలసీమలో రాగులు, మా తెలంగాణాలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్ళు. గింజ ఒకటే, పేరు చెబితే మనిషిది ఏ సీమో తెలిసిపోతుంది. ఇంటిపేరు పోయింది, భాష పోయింది. అంబలి పేరు మాత్రం నాలుగు తరాలు నోట్లో నిలిచింది. ఓడ గుమాస్తా వ్రాసిన జిల్లాకు అది సాక్ష్యం పలికింది. ఆవిడ కళ్ళు తుడుచుకున్నది. మేస్త్రీ భార్య లోపలినుంచి గ్లాసుతో టీ తెచ్చి ఇస్తూ, “సోడంబలి రేపు కాస్తాను, ఉండమనండి” అన్నది.

అందరూ సంతోషంగా వున్నారు. నాకు మాత్రం అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఎందుకో చెబుతాను.

1994 ఆగస్టు. ఇటువంటి గదిలోనే ఒక కుర్రవాడు జ్వరంతో చనిపోయాడు. మా గేటు దాటి పనికి వచ్చినవాడే. ఇంటికి కబురు చేయాలి, రిజిస్టరు తీయమన్నారు. తీశాను. నా దస్తూరీతోనే వున్నది: “రావు. వయస్సు 25. ఒరిస్సా బార్డరు.” తండ్రి పేరు గడిలో ఒక అడ్డగీత. వూరి పేరు గడిలో పైదానికి ఆవృత్తి గుర్తు. ఆ రోజు ఒకేసారి నలభైమంది వచ్చారు, షిఫ్టు సైరను మ్రోగుతున్నది, కంట్రాక్టరు తొందరపెట్టాడు. ఇలాంటి కూలీలకు ఫోటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలని 1979లోనే చట్టం చేశారు. అలాంటి పుస్తకం నేను ఒక్కటీ చూడలేదు. చట్టం సంగతి అలా వుంచండి. రెండు గళ్ళు నింపడానికి నాకు పట్టేది అరనిమిషం.

మూడు రోజులు వెదికాం. చివరికి అతని రేకుపెట్టెలో, చొక్కా మడతలో, మనియార్డరు రసీదు ఒకటి దొరికింది. దానిమీద పోస్టాఫీసు ముద్ర వున్నది. తంతి వెళ్ళి, తండ్రి వచ్చేసరికి దహనం అయిపోయింది. పొట్టి మనిషి, భుజాన తువ్వాలు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. గేటు కిటికీ దగ్గరకు వచ్చి, “బాబూ, మావోడి పేరు అందులో రాసుంటాది గదా, సూపిస్తారా?” అన్నాడు. చూపించాను. ఆయనకు చదువు రాదు. వేలుపెట్టి, “ఇదేటి?” అన్నాడు. అది తండ్రి పేరు గడి. ఆ అడ్డగీత మీదనే వేలు వున్నది.

“మీ పేరే” అన్నాను.

ఆయన ఆ గీతను కాసేపు తడిమి, వెళ్ళిపోయాడు. ముప్పైయేళ్ళు దాటింది. యీ సంగతి ఇంట్లోకూడా చెప్పలేదు.

1889లో మద్రాసు రేవులో కూర్చున్న ఆ గుమాస్తా ఎవడో! వాడికీ జనం క్రిక్కిరిసి వుండివుంటారు. వాడికీ ఓడ కూత వినిపించివుంటుంది. వాడు చేసింది పుణ్యకార్యమేమీ కాదు, పారిపోతే పట్టుకోవడానికి గుర్తులు వ్రాశాడు. అయినా గళ్ళు వదలకుండా నింపాడు. తెలియని భాషలో, విన్నది విన్నట్టు, తప్పో ఒప్పో వూరిపేరు వ్రాశాడు. ఆ ఒక్క వరుస పట్టుకుని నూటముప్పై ఏళ్ళ తర్వాత ఒక ఆడకూతురు సముద్రం దాటి వచ్చింది. నా గీత పట్టుకుని ఎవరు ఎక్కడికి వెళ్ళగలరు?

ఆవిడ తర్వాత రాత్రి బండికి శ్రీకాకుళం వెళ్ళింది. మేస్త్రీ తమ్ముడు స్టేషనుకు వచ్చి తోడు తిరిగాడు. పది రోజులకు మా మేనకోడలికి ఉత్తరం వ్రాసింది. “మూడు కొత్తూర్లు చూశాను. మూడింటా భోజనం పెట్టారు. తాలూకా భూమి పుస్తకాలు పాతవి చూపించారుగాని, భూమి లేనివాడి పేరు భూమి పుస్తకంలో ఎందుకుంటుంది? మా ఇల్లు ఏ కొత్తూరులో వుండేదో తేలలేదు. ఒక వూళ్ళో పెద్దాయన మీరు మావాళ్ళే అని ఒప్పేసుకున్నాడు. నాకూ ఆశ పుట్టింది. కాని ఆనీ మూర్ గుర్తు వచ్చింది. ‘తేలలేదు’ అనే నా పుస్తకంలో వ్రాసుకున్నాను. డర్బన్ వెళ్ళాక చెరకుతోట కాగితాలూ, పెళ్ళి రిజిస్టర్లూ చూడాలి. అక్కడెక్కడైనా ఇంటిపేరు చిక్కితే మళ్ళీ వస్తాను” అని.

నేను మాత్రం మా వూరు వెళ్ళాను. తార్నాకకు పోవాలా, తహసీలు కచ్చేరికి పోవాలా అని ఆలోచిస్తూ వెళ్ళి, ముందు మా మేనత్త కాళ్ళకు మ్రొక్కాను. తొంభై దాటింది, మంచంలోనే వుంటుంది. “అత్తా, మా ముత్తాత పేరేందే?” అన్నాను. తమలపాకు నములుతూ చెప్పేసింది. ఆయన తండ్రి పేరూ చెప్పింది. ఆయనకు ఇద్దరు పెళ్ళాలనీ, చిన్నామె కొడుకు నాందేడు దిక్కు పోయి మళ్ళీ రాలేదనీ కూడా చెప్పింది.

“ఇవన్నీ ఇన్నాళ్ళూ చెప్పవేందే?”

“ఇన్నొద్దులసంది ఎవడన్న అడిగిండ్రా?” అన్నది.

ఆ రాత్రే అన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. కాగితాలు ఎక్కడికీ పోవు, ముసలివాళ్ళు పోతారు. వెదకదలచినవాళ్ళు ముందు ఇంట్లో మంచం దగ్గర మొదలుపెట్టండి.

నోటుపుస్తకంలో చాలా కాగితాలు మిగిలాయి. అది పట్టుకుని ఇప్పుడు ఆదివారాలు ఇస్నాపూరు పోతున్నాను. ఇప్పుడు గేట్ల దగ్గర ఆధారు నంబరు కొడితే చాలు, పేరుకూడా అడగనక్కరలేదంటారు. ఓడలోనూ నంబరు వుండేది లెండి! నేను మాత్రం పాత పద్ధతిలో వ్రాస్తున్నాను: పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, వూరు, దగ్గరి పోస్టాఫీసు, ఇంట్లో ఎవరికి కబురు చేయాలి. రెండు ప్రతులు. ఒకటి మేస్త్రీ పెట్టెలో, ఒకటి వాడి జేబులో. మొదట నవ్వినవాళ్ళే తర్వాత వరసలో నిలబడ్డారు.

మొన్న ఆదివారం కొత్తగా వచ్చిన కుర్రవాడొకడు నా ముందు కూర్చున్నాడు. గంజాంవాడు, మీసం ఇంకా సరిగా రాలేదు. తండ్రి పేరు చెప్పాడు. వూరేదని అడిగితే, “నువాగావ్” అన్నాడు.

మేస్త్రీ ప్రక్కన కూర్చుని పకపకా నవ్వాడు. “ఒరియాలో అదీ కొత్తూరే బాబూ!”

నేను పెన్ను ఆపాను. “ఏ నువాగావ్? పోస్టాఫీసు ఏది? ప్రక్కన ఏ వాగున్నది?”

కుర్రవాడు ఆశ్చర్యంగా చూసి, మెల్లిగా చెప్పడం మొదలుపెట్టాడు.